పద్దుల పుస్తకంలో కులం: చట్టసభలో అంబేద్కర్ అడిగిన నాలుగు ప్రశ్నలు

అంబేద్కర్ పేరు చెప్పగానే మనకు మహాడ్ చెరువు గుర్తొస్తుంది. పూనా ఒడంబడిక గుర్తొస్తుంది. రాజ్యాంగం, నాగపూర్ దీక్ష గుర్తొస్తాయి. బడ్జెట్ మాత్రం గుర్తుకు రాదు. 1927 నుంచి దాదాపు పన్నెండేళ్లపాటు బొంబాయి చట్టసభల్లో కూర్చుని, ప్రభుత్వ ఆదాయ వ్యయాలను వరుస వరుసగా విప్పి చూపిన అంబేద్కర్ మన జయంతి సభల్లో కనిపించరు. ఆ ప్రసంగాలను మహారాష్ట్ర ప్రభుత్వం 1982లో ఆయన రచనల రెండో సంపుటిగా అచ్చువేసింది. అందులో వున్నవి మందిర ప్రవేశం గురించో, మనుస్మృతి గురించో చేసిన ఉపన్యాసాలు కావు. భూమిశిస్తు, ఆబ్కారీ, ప్రాథమిక విద్య, గ్రామ నౌకర్ల జీతం, కార్మిక స్త్రీల ప్రసూతి భత్యం - ఇవీ ఆయన ఎత్తుకున్న విషయాలు.

ఇవి కులంతో సంబంధం లేని పొడి లెక్కలని అనుకునేవాళ్లు వున్నారు. అసలు సంగతి ఈ లెక్కల్లోనే వుందని మేము అనుకుంటున్నాం. దళితుల దగ్గర ఏం తీసుకుంటున్నారు, వాళ్లకు ఏం ఇస్తున్నారు అన్నది ఉపన్యాసాల్లో దాచిపెట్టొచ్చు గానీ పద్దుల్లో దాచడం కష్టం. అంబేద్కర్ ఆ పద్దులను నాలుగు ప్రశ్నలతో చదివారని ఈ ప్రసంగాలను వరుసగా చూస్తే తెలుస్తుంది. పన్ను ఎవరు కడుతున్నారు? ఖర్చు ఎవరికి చేరుతోంది? ఖర్చుపెట్టే చెయ్యి ఎవరిది? లెక్క ఎవరు చెప్పాలి? ఈ నాలుగు ప్రశ్నలూ ఇవాళ్టికీ మనకు పనికొస్తాయి.

నామినేటెడ్ సభ్యుడు, బిగించిన సభ

ముందు ఆ సభ ఎట్లాంటిదో చూడాలి. 1919 చట్టం కింద రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చింది. విద్య, ఆబ్కారీ, స్థానిక సంస్థలు, ప్రజారోగ్యం లాంటివి మంత్రుల చేతికి ఇచ్చారు. భూమిశిస్తు, పోలీసు, ఆర్థికం మాత్రం గవర్నర్ కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే వుంచుకున్నారు. అంటే బడి మంత్రిది, డబ్బు సంచి దొరది. రిజర్వుడు శాఖల పద్దును సభ తోసిపుచ్చినా గవర్నర్ తన అధికారంతో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. ఓటు హక్కు ఆస్తితో ముడిపడి వుంది. భూమి లేని, పన్ను కట్టే స్తోమత లేని అంటరాని కులాలకు ఓటు దాదాపు లేదు. కాబట్టి వాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలన్నది గవర్నర్ నామినేషన్ మీద ఆధారపడింది. అట్లా 1927లో డాక్టర్ పి.జి. సోలంకితో పాటు అంబేద్కర్ బొంబాయి శాసన మండలిలో అడుగుపెట్టారు.

నామినేట్ చేసినవాళ్లు బహుశా వినయంగా నాలుగు విజ్ఞప్తులు చేసి కూర్చునే మనిషిని ఆశించి వుంటారు. వచ్చిన మనిషి వేరు. ఈస్టిండియా కంపెనీ ఆర్థిక పాలన మీద 1915లో కొలంబియాలో ఎం.ఎ. సిద్ధాంత వ్యాసం రాసినవాడు. రూపాయి సమస్య మీద 1923లో లండన్‌లో పుస్తకం తెచ్చినవాడు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎట్లా ఎదిగిందో చెప్పే ఆయన గ్రంథం 1925లో అచ్చయింది. ఆ సభలో బడ్జెట్ గురించి ఆయనంత చదివినవాళ్లు ఎంతమంది వుంటారు? అంటరానివాడికి అంటరానితనం గురించి తప్ప ఇంకేం తెలుస్తుందన్న చులకన ఇవాళ కూడా మన యూనివర్సిటీల్లో వుంది. దానికి జవాబు ఆ మొదటి బడ్జెట్ ప్రసంగంలోనే దొరుకుతుంది.

మొదటి ప్రశ్న: పన్ను ఎవరు కడుతున్నారు?

1927 ఫిబ్రవరి 24న ఆయన బడ్జెట్ మీద మాట్లాడారు. మొట్టమొదట పట్టుకున్నది భూమిశిస్తును. ఆయన వాదన చాలా సూటిగా వుంటుంది. ఆదాయపు పన్ను కట్టాలంటే ముందు ఆదాయం వుండాలి. ఆ ఏడాది సంపాదన లేకపోతే పన్ను లేదు. ఒక స్థాయి దాటితేనే పన్ను మొదలవుతుంది, ఆ రోజుల్లో అది ఏడాదికి 2,000 రూపాయలు. భూమిశిస్తుకు ఈ న్యాయం ఏదీ వర్తించదు. పంట పండినా కట్టాలి, ఎండినా కట్టాలి. ఎకరం వున్న రైతు మీదా, వందల ఎకరాల ఇనాందారు మీదా, జాగీర్దారు మీదా ఒకే రేటు. కట్టగలిగే శక్తిని బట్టి పన్ను వెయ్యాలన్న సూత్రం పట్నంలో వ్యాపారికి వుంది, పల్లెలో రైతుకు లేదు.

ఇది మామూలు రైతు పక్షపు వాదనలాగే కనిపించొచ్చు. కానీ దీని వెనక ఇంకో మాట వుంది. ప్రభుత్వ ఖజానాను నింపుతున్నది పేదలే అని ఇది రుజువు చేస్తుంది. అంటరాని కులాలకు బడి పెట్టమంటే, వాళ్లేం పన్ను కడుతున్నారని అడిగే పెద్దమనుషులు ఆ కాలంలోనూ వున్నారు, ఈ కాలంలోనూ వున్నారు. కౌలుకు దున్నినవాడు కడుతున్నాడు, కల్లు తాగినవాడు కడుతున్నాడు, ఉప్పు కొన్నవాడు కడుతున్నాడు. దళితుడు దయ అడగడం లేదు, తన వాటా అడుగుతున్నాడు. బడ్జెట్ చర్చకు ఈ పునాది వేశాకనే ఆయన రెండో ప్రశ్నకు వెళ్లారు.

రెండో ప్రశ్న: ఖర్చు ఎవరికి చేరుతోంది?

1927 మార్చి 12న విద్యాశాఖ గ్రాంటు మీద చేసిన ప్రసంగం మా దృష్టిలో ఆయన శాసనసభ జీవితం మొత్తంలో తలమానికం. ప్రతి టీచరూ దీన్ని చదవాలి.

ముందు ఒక పోలిక పెట్టారు. ఆ రాష్ట్రంలో విద్య మీద తలకు 14 అణాలు ఖర్చవుతోంది. ఆబ్కారీ రూపంలో అదే మనిషి దగ్గర ప్రభుత్వం రాబట్టేది రెండు రూపాయలకు పైన. తాగించి తీసుకున్నంత అయినా చదివించడానికి ఖర్చు పెట్టమని ఆయన అడిగారు. రెండో పోలిక ఇంకా కఠినమైనది. బడిలో చేరిన ప్రతి 100 మంది పిల్లల్లో 18 మందే నాలుగో తరగతి దాకా వస్తున్నారు. మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యులే అవుతున్నారు. అంటే వాళ్ల మీద పెట్టిన డబ్బు నీళ్లపాలు. ఇదే వేగంతో పోతే మగపిల్లలందరూ బడికి చేరడానికి 40 ఏళ్లు, ఆడపిల్లలకు 300 ఏళ్లు పడుతుందన్న లెక్కను కూడా సభ ముందు పెట్టారు.

ఇంతవరకూ ఏ సంస్కర్తయినా చెప్పగలడు. తర్వాతి మెట్టే అంబేద్కర్‌ది. విద్యాశాఖ తన లెక్కల కోసం జనాన్ని నాలుగు వర్గాలు చేసింది: ముందున్న హిందువులు, ముస్లింలు, మధ్య తరగతి కులాలు, వెనకబడిన వర్గాలు. ఈ చివరి వర్గంలోనే అంటరానివాళ్లు, ఆదివాసులు, నేరస్థ జాతులని ముద్ర పడినవాళ్లు వున్నారు. ప్రాథమిక విద్యలో ప్రతి వెయ్యి జనాభాకు ముందున్న హిందువుల్లో 119 మంది, ముస్లింలలో 92 మంది, మధ్య కులాల్లో 38 మంది, వెనకబడిన వర్గాల్లో 18 మంది చదువుతున్నారు. హైస్కూలు మెట్టు ఎక్కేసరికి లక్ష జనాభాకు మొదటి వర్గంలో 3,000 మంది వుంటే చివరి వర్గంలో 14 మంది. కాలేజీలో అయితే ఆ చివరి గడి దాదాపు ఖాళీ. జనాభాలో చూస్తే వెనకబడిన వర్గాలది రెండో స్థానం. చదువులో ఆఖరి స్థానం.

ఇక్కడ జరిగిందేమిటో గమనించండి. సర్కారు తన సౌకర్యం కోసం వేసుకున్న పట్టికను ఆయన కుల వ్యవస్థ ముఖచిత్రంగా మార్చారు. అందరికీ ఒకే బడి, ఒకే గ్రాంటు అంటే అది సమానత్వం కాదని, అసమానంగా వున్నవాళ్లను సమానం చెయ్యాలంటే వెనకున్నవాళ్లకు ప్రత్యేకంగా ఇవ్వక తప్పదని అక్కడే వాదించారు. ముస్లింలకు ప్రత్యేక శ్రద్ధ చూపినందుకు ఆయనకు అసూయ లేదు, అదే శ్రద్ధ మా వాళ్ల మీద కూడా పెట్టమన్నారు. పై చదువుల్లో ఫీజుల వాటా పెరిగిపోవడాన్ని తప్పుబట్టారు, చదువు అంగట్లో సరుకు కాకూడదన్నారు. చిల్లరగా పంచే స్కాలర్‌షిప్పుల కన్నా ఆ డబ్బుతో హాస్టళ్లు నడిపితే పిల్లవాడు చదువులో నిలుస్తాడన్నారు. మన తరంలో డిగ్రీ చేతికొచ్చిన దళితుల్లో ఎంతమంది ఆ హాస్టల్ అన్నం తిని పైకొచ్చారో చెప్పనక్కర్లేదు.

ఆబ్కారీకి, అక్షరానికి ఆయన పెట్టిన పోలిక మన నేల మీద కూడా పలికింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చిన ఆడవాళ్లు, దూబగుంట నుంచి మొదలుపెట్టి, సారా పాటల మీద తిరగబడ్డారు. వాళ్లలో దళిత కూలి స్త్రీలు ఎంతోమంది. 1993లో సారా బందయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని ఖజానా పేరు చెప్పి 1997లో ఎత్తేశారు. పేదవాడి జేబులో నుంచి ప్రభుత్వం ఎంత తీసుకుంటోంది, ఎంత తిరిగిస్తోంది అన్న లెక్కను ఆ ఆడవాళ్లు ఏ బడ్జెట్ పుస్తకమూ చూడకుండానే కట్టారు.

అయితే అంబేద్కర్‌ను మద్యనిషేధవాదిగా మాత్రమే చూడడం కుదరదు. 1939లో కాంగ్రెస్ ప్రభుత్వం బొంబాయిలో మద్యనిషేధం తెచ్చి, పోయిన ఆదాయానికి పట్నంలో ఆస్తిపన్ను వేసినప్పుడు ఆయనే ఆ బడ్జెట్‌ను విమర్శించారు. చదువు, వైద్యం ఎదురు చూస్తుంటే ముందు దీనికి అంత డబ్బు వదులుకోవడం ఏమిటన్నది ఆయన అభ్యంతరం. రెంటికీ పొంతన లేదని కొందరు అంటారు. మాకు పొంతన కనిపిస్తోంది. రెండుసార్లూ ఆయన అడిగింది ఒకటే: ఈ రూపాయి ఎక్కడ పెడితే అడుగునున్నవాడికి ఎక్కువ ఉపయోగం? నీతి పేరు చెప్పినా సరే, లెక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మూడో ప్రశ్న: ఖర్చుపెట్టే చెయ్యి ఎవరిది?

డబ్బు కేటాయించినంత మాత్రాన చేరదు. మధ్యలో ఒక చెయ్యి వుంటుంది. ఆ చెయ్యి కులాన్ని ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

మహాడ్ సంగతి దీనితోనే ముడిపడి వుంది. 1923లో ఎస్.కె. బోలే బొంబాయి మండలిలో ఒక తీర్మానం నెగ్గించారు. ప్రజాధనంతో కట్టిన, నడిపే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, ఆసుపత్రులు అంటరానివాళ్లు వాడుకోనివ్వాలన్నది దాని సారం. ఊళ్లలో అది కాగితంగానే మిగిలింది. అమలు చెయ్యని మునిసిపాలిటీలకు, లోకల్ బోర్డులకు గ్రాంట్లు ఆపమని 1926లో బోలే మరో తీర్మానం తెచ్చారు. 1927 మార్చి 12న అంబేద్కర్ విద్యా గ్రాంటు మీద మాట్లాడారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, మార్చి 20న, మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. మనం ఈ రెంటినీ వేరు వేరు పుస్తకాల్లో చదువుకుంటాం. నిజానికి రెండూ ఒకే వాదన. అది ప్రజల సొమ్ముతో నడిచే చెరువు. ఆ సొమ్ములో మాదీ వుంది. కాబట్టి నీళ్లు మావి. సభలో గ్రాంటు గురించి అడిగిన మనిషే చెరువు దగ్గర దోసిలి పట్టాడు.

స్థానిక సంస్థల మీద ఆయన అనుమానం కూడా ఇక్కడి నుంచే పుట్టింది. 1923 చట్టం ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించింది. అంటరాని పిల్లవాణ్ని వసారాలో కూర్చోబెట్టే పెద్దలే స్కూలు బోర్డులో కూర్చుంటే వాడికి న్యాయం ఎట్లా జరుగుతుందని ఆయన ఆందోళన. 1932 అక్టోబరులో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఇంకా గట్టిగా వ్యతిరేకించారు. కులాలుగా చీలిన వూరిలో పన్ను వేసే అధికారం, తీర్పు చెప్పే అధికారం వూరి పెద్దలకు ఇస్తే దళితుడి గతేమిటని అడిగారు. ప్రాతినిధ్యానికి రక్షణ లేకుండా పంచాయతీ వద్దన్నారు. గ్రామ స్వరాజ్యం పాట మారుమోగుతున్న రోజుల్లో ఇది చెప్పడానికి ధైర్యం కావాలి. అధికార వికేంద్రీకరణ అంటే మన వూళ్లలో ఎవరి చేతుల్లోకి ఏం వెళ్తుందో కారంచేడు (1985), చుండూరు (1991) చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మహర్ వతన్ బిల్లుది కూడా ఇదే కథ. 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం ప్రకారం మహర్లు రాత్రనకా పగలనకా సర్కారు చాకిరీ చెయ్యాలి. బదులుగా కాస్త వతన్ భూమి, రైతులిచ్చే బలుతా గింజలు. మన దగ్గర వెట్టి మాదిగకు, నీరటికాడికి మాన్యం చెక్క, కళ్లంలో మేర ఇచ్చినట్టే అనుకోండి. 1928లో అంబేద్కర్ ఈ చట్టాన్ని సవరించే బిల్లు తెచ్చారు. పని సర్కారుది అయినప్పుడు కూలి రైతు ఎందుకివ్వాలి, సర్కారే జీతం ఇవ్వాలన్నారు. వద్దనుకున్న మహర్ ఆ కొలువు మానుకోవచ్చు, పూర్తి శిస్తు కట్టి భూమి వుంచుకోవచ్చు. అట్లా వచ్చే శిస్తు, మేర బదులు వసూలయ్యే డబ్బు జీతాలకు పనికొస్తాయని ఖర్చు లెక్క కూడా చూపించారు.

సభలో ప్రభుత్వ పక్షం అభ్యంతరం చెప్పింది ఎక్కువగా డబ్బు గురించే. తరతరాలుగా పుక్కిటికి చేయించుకున్న చాకిరీకి జీతం ఇవ్వాలనేసరికి ఖజానా గుర్తొచ్చింది. ఇక్కడ పాఠకులు కాసేపు ఆగాలి. బడ్జెట్‌లో కనిపించే ఖర్చు మాత్రమే ఖర్చు కాదు. కనిపించకుండా దళితుడు ప్రభుత్వానికి ఇస్తున్న శ్రమ కూడా ఒక పద్దే. ఆ పద్దును ఎవరూ రాయలేదు. దాన్ని రాయమని పట్టుబట్టింది ఈ బిల్లు. సెలెక్ట్ కమిటీ దాకా వెళ్లిన బిల్లును 1929లో వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఆ వతన్లు చట్టరీత్యా రద్దయ్యేది 1958 చట్టంతోనే, అప్పటికి ఆయన లేరు.

అదే 1928లో ప్రసూతి భత్యం బిల్లు వచ్చింది. కార్మిక స్త్రీ కాన్పుకు ముందు, తర్వాత విశ్రాంతి తీసుకోవడం జాతి ప్రయోజనం అనీ, ఆ భారం నిజానికి చాలావరకు ప్రభుత్వం మొయ్యాలనీ అంబేద్కర్ అన్నారు. ప్రభుత్వం ముందుకు రానప్పుడు ఆమె శ్రమతో లాభం పొందే యజమాని ఇవ్వడం న్యాయమేనని బిల్లును బలపరిచారు. 1929లో అది చట్టమైంది.

నాలుగో ప్రశ్న: లెక్క ఎవరు చెప్పాలి?

1936లో ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 ఎన్నికల్లో గెలిచి కొత్త బొంబాయి శాసనసభకు వచ్చారు. ఈసారి నామినేషన్ కాదు, ఓట్లతో. అధికారంలో కాంగ్రెస్ వుంది, ఎదురుగా ఆయన పార్టీ. కొంకణ్‌లో ఖోత్ దొరల పెత్తనం రద్దు చెయ్యాలని 1937 సెప్టెంబరులో బిల్లు పెట్టారు. 1938 పారిశ్రామిక వివాదాల బిల్లు సమ్మె హక్కును తుంచుతోందని పోరాడారు.

పాలన గురించి ఆయన చూపు ఎట్లా వుందో తెలియాలంటే 1937 ఆగస్టులో మంత్రుల జీతాల బిల్లు చర్చ చూడాలి. కాంగ్రెస్ మంత్రులు నెలకు 500 రూపాయలే తీసుకుంటామని త్యాగం ప్రకటించారు. దేశమంతా చప్పట్లు. అంబేద్కర్ చప్పట్లు కొట్టలేదు. మంత్రి జీతం నిర్ణయించాలంటే హోదా, సమర్థత, ప్రజాస్వామ్యం, పాలనలో నిజాయితీ - ఈ నాలుగూ చూడాలన్నారు. మేము దీన్ని ఇట్లా అర్థం చేసుకుంటున్నాం. ఇంట్లో ఆస్తి వున్నవాడికి జీతం తక్కువైనా గడుస్తుంది. కూలివాడి కొడుకు మంత్రి అయితే? వాడు బతకగలిగిన జీతం లేకపోతే పదవులు ఆస్తిపరులకే మిగులుతాయి, లేదా చెయ్యి చాచే అలవాటు వస్తుంది. త్యాగం అనేది వున్నవాడి విలాసం. పేదవాడికి కావలసింది నియమం, జీతం, లెక్క.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడిగా వున్నప్పుడు అంబేద్కర్ బల్లకు రెండోవైపు కూర్చున్నారు. పదిహేనేళ్ల కిందట అడిగినదాన్ని అక్కడ సాధించారు. షెడ్యూల్డ్ కులాల పై చదువుల కోసం ఏడాదికి 3 లక్షల రూపాయల గ్రాంటు తెచ్చారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు మూలం అదే. ఇవాళ కాలేజీల్లో వున్న మన పిల్లలు బిల్లు పాసవలేదని నెలల తరబడి ఎదురుచూసే ఆ స్కాలర్‌షిప్ ఎవరో విసిరిన భిక్ష కాదు. బడ్జెట్ తెలిసిన ఒక దళితుడు పద్దులోకి ఎక్కించిన హక్కు.

రాజ్యాంగ రచనలో ఈ నాలుగో ప్రశ్న సంస్థల రూపం తీసుకుంది. ఖజానా నుంచి పైసా తియ్యాలన్నా సభ ఆమోదించిన చట్టం వుండాలన్న నియమం వచ్చింది. అంతకుముందు సభ ఓటు వేశాక గవర్నర్ సంతకంతో ఖర్చుల జాబితా ఖాయమయ్యేది, ఆ స్థానంలో ద్రవ్య వినియోగ చట్టం నిలిచింది. కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్ గురించి 1949 మే 30న మాట్లాడుతూ రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి ఆయనేననీ, ఆయన బాధ్యత న్యాయవ్యవస్థ బాధ్యతకన్నా బరువైనదనీ అంబేద్కర్ అన్నారు. ప్రాథమిక హక్కుల గురించి అంత రాసిన మనిషి లెక్కలు చూసే అధికారిని అంత ఎత్తున ఎందుకు నిలబెట్టారు? ఇచ్చామని చెప్పిన డబ్బు నిజంగా ఇచ్చారా లేదా అని అడిగేవాడు లేకపోతే హక్కు కాగితం మీదే వుంటుందని ఆయనకు 1927 నుంచీ తెలుసు కాబట్టి.

మన ముందున్న పని

1979-80 ప్రాంతంలో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ వచ్చింది. జనాభా నిష్పత్తిలో దళితులకు ప్రణాళికా నిధులు అన్నారు. ఏళ్ల తరబడి ఆ డబ్బు మిగిలిపోయింది, మళ్లిపోయింది. దళిత సంఘాలు పోరాడితే 2013లో ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది, ఖర్చుకాని డబ్బును మరుసటి ఏడాదికి కలపాలన్న మాట అందులో వుంది. చట్టాలు మంచివే. కానీ అందరికీ వేసే రోడ్డులో, అందరికీ ఇచ్చే పథకంలో ఒక వాటాను దళితుల ఖాతాలో రాసుకునే విద్య ప్రభుత్వాలకు బాగా వచ్చు. రోడ్డు వాడ దాకా వచ్చిందా అని పద్దు చెప్పదు.

అందుకే అంబేద్కర్ నాలుగు ప్రశ్నలు మనకు కావాలి. మన విద్యార్థి సంఘాలు హాస్టల్ మెస్ చార్జీల కోసం ధర్నా చేస్తాయి, మంచిదే. ఆ జీవో వెనక పద్దు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత అని మూడు అంకెలు పక్కపక్కన రాసి ధర్నాకు తీసుకెళ్తే కలెక్టరు జవాబు చెప్పక తప్పదు. రిజర్వుడు నియోజకవర్గాల నుంచి గెలిచిన మన శాసనసభ్యులను పెళ్లిళ్లకు, విగ్రహావిష్కరణలకు పిలుస్తున్నాం. సాంఘిక సంక్షేమ పద్దు మీద సభలో ఎంతసేపు మాట్లాడావని కూడా అడగాలి. ఓటు లేని జనం తరఫున, నామినేషన్ కుర్చీలో కూర్చుని, గవర్నర్ కాదంటే చెల్లని సభలో ఒక మనిషి అంత పని చెయ్యగలిగాడు. ఓట్లు మన చేతిలో వుండి, సమాచార హక్కు చట్టం వుండి, లెక్క అడగకపోతే ఆ తప్పు ఎవరిదవుతుంది?

ఈసారి ఏప్రిల్ 14న పూలదండతో పాటు మీ మండలం సబ్‌ప్లాన్ లెక్కల కాగితం కూడా సభకు పట్టుకురండి. దాన్ని మైకులో చదవండి.